హెంప్ ముసాయిదాపై రైతు ఏమి చెప్పాలి

(విశాఖపట్నంలో రైతులు, వ్యవసాయ విద్యార్థులు, న్యాయవాదులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని అక్షరబద్ధం చేశాం. తడబాట్లు తప్ప మరేమీ తొలగించలేదు.)

సభకు నమస్కారం. పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, వెనుక నిలబడి వింటున్న వ్యవసాయ కళాశాల విద్యార్థులకు నమస్కారం. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి వచ్చి కూర్చోండి. నేను చెప్పబోయేది కొంచెం పొడవైన విషయం.

హెంప్ పంట పండించేవారికీ, దానిని ప్రాసెస్ చేసేవారికీ ప్రభుత్వాలు రాసే నిబంధనల గురించి, అవి ఖరారు కాకముందు ప్రజలు చెప్పగలిగే అభ్యంతరాలు, సూచనల గురించి నన్ను మాట్లాడమన్నారు. అయితే అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట దగ్గర ఆగాలి. ఈ సమావేశపు కరపత్రంలో ‘జనపనార నిబంధనలు’ అని అచ్చయింది. రాసినవారిని నేను తప్పుపట్టడం లేదు, ఎందుకంటే మన పత్రికల్లో కూడా హెంప్ అనే మాటను చాలాసార్లు జనపనార అనే రాస్తున్నారు. కానీ జనపనార అంటే గోనె సంచులు నేసే జూట్ నార. పచ్చిరొట్టగా పొలంలో కలియదున్నే జనుము వేరు, అది చిక్కుడు జాతి మొక్క, దానిని ఇంగ్లీషువారు ‘సన్ హెంప్’ అన్నారు. మన గోగు మరొకటి. గోగుకు వృక్షశాస్త్రం పెట్టిన పేరు హైబిస్కస్ కన్నబినస్. కన్నబినస్ అంటే కన్నబిస్‌ను పోలినది అని అర్థం. ఆకులు అలా ఉంటాయి కనుక ఆ పేరు పెట్టారు, అంతకుమించి ఆ రెండు మొక్కలకూ చుట్టరికం లేదు. మన భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కిన గోగునారకు ప్రపంచ మార్కెట్టులో ‘బిమ్లీ జూట్’ అన్న పేరు నిలిచిపోయింది. ఆమదాలవలస పరిశోధన కేంద్రంలో ఈ నార పంట మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఈ మూడింటిలో ఏదీ హెంప్ కాదు.

మరి హెంప్ ఏది? హెంప్ అంటే కన్నబిస్ సటైవా, అంటే గంజాయి మొక్క జాతిదే. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం అతి తక్కువగా ఉండే రకాలను హెంప్ అంటున్నారు. జాతి ఒకటే, ఆకు ఒకటే, పొలం గట్టు మీద నిలబడి చూసే పోలీసు కంటికి రెండూ ఒకటే. ఈ సంగతి ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఆలోచించండి. రేపు మన రాష్ట్రంలో ‘జనపనార సాగు నిబంధనల ముసాయిదా’ అని ఒక ప్రకటన వస్తే, నెల్లిమర్ల వైపు గోగు వేసే రైతు అది తన పంట గురించే అనుకుంటాడు, పాడేరు కొండల్లో ఉన్న రైతు అది తనకు సంబంధం లేనిదనుకుంటాడు. ఇద్దరూ పొరబడినట్టే. కాబట్టి ముసాయిదాపై మనం చెప్పవలసిన మొట్టమొదటి సూచన పంట పేరు గురించే. దానిని హెంప్ అనే రాయండి, పక్కనే ఇది గంజాయి జాతి మొక్క అని విప్పి చెప్పండి అని అడగాలి. దాచిపెట్టిన పేరుతో ప్రజాభిప్రాయం సేకరించడం సాధ్యం కాదు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో ఈ మొక్కకు మూలచట్టం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అనేదే. దానిలో 8వ సెక్షను కన్నబిస్ మొక్కను సాగు చేయరాదంటుంది. 10వ సెక్షను ఆ సాగును అనుమతించి క్రమబద్ధం చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇస్తుంది. 14వ సెక్షను మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది: నార కోసం, గింజ కోసం, అంటే పారిశ్రామిక అవసరాల కోసం మాత్రమే, లేదా ఉద్యాన అవసరాల కోసం, ప్రభుత్వం షరతులు విధించి సాగుకు అనుమతి ఇవ్వవచ్చునని అది చెబుతుంది. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో కూడా, నార, గింజల కోసం చేసే సాగుకు ఆ ఒడంబడిక వర్తించదని 28వ అధికరణంలో ఉంది. అంటే తలుపు మూసి లేదు. గడియ మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంది.

ఆ గడియను మొదట తీసింది ఉత్తరాఖండ్. కుమావూఁ, గఢ్‌వాల్ కొండల్లో, అక్కడివారు భాంగ్ అని పిలిచే ఈ మొక్క గింజలతో పచ్చడి నూరుకోవడం, కాడ నుంచి నార తీసి తాళ్లు పేనుకోవడం, ముతక బట్ట నేసుకోవడం తరాల నాటి అలవాటు. 2018లో ఆ రాష్ట్రం ప్రయోగాత్మక సాగుకు అనుమతి ఇచ్చింది, టీహెచ్‌సీ 0.3 శాతం మించరాదని షరతు పెట్టింది. హిమాచల్ ప్రదేశ్ మరో దారిలో వెళ్లింది. 2023లో రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది, 2024 సెప్టెంబరులో ఆ కమిటీ నివేదికను అసెంబ్లీ ఆమోదించింది, 2025 జనవరిలో పాలంపూర్, నౌణి విశ్వవిద్యాలయాల ద్వారా ముందుగా ప్రయోగాత్మక అధ్యయనం చేయించాలని మంత్రివర్గం నిర్ణయించింది. గింజ, గింజల నూనె, గింజల పిండి ఆహారంగా అమ్ముకోవడానికి ఆహార భద్రతా సంస్థ 2021లోనే ప్రమాణాలు ప్రకటించింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు మించరాదని అందులో ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. నేను ఈ రోజు ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క ప్రశ్న కోసమే. లైసెన్సు తీసుకుని, అనుమతి ఉన్న విత్తనమే వేసి, అన్నీ సక్రమంగా చేసిన రైతు పొలంలో, కోత ముందు పరీక్షలో 0.3 బదులు 0.41 వచ్చిందనుకోండి. ఆ రైతు ఎవరు? నేరస్థుడా? నష్టపోయిన రైతా?

న్యాయవాదులు ఉన్నారు కనుక అడుగుతున్నాను, 0.3 అనే అంకె ఎన్‌డీపీఎస్ చట్టంలో ఎక్కడైనా ఉందా? లేదు. చట్టంలో ఉన్నది కన్నబిస్ మొక్క అనే మాట ఒక్కటే. అనుమతి లేని సాగుకు 20వ సెక్షను కింద పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 0.3 అనేది రాష్ట్రం పెట్టే షరతు. షరతు తప్పిన మరుక్షణం రైతు లైసెన్సు పరిధిలోనే ఉన్నట్టా, 20వ సెక్షను కిందకు జారిపోయినట్టా? ఈ రెండింటి మధ్య ఒక మెట్టు ఉండాలి. ఆ మెట్టును రాష్ట్ర నిబంధనలే కట్టాలి. ముసాయిదాలో ఆ మెట్టు లేకపోతే, అడిగి కట్టించుకోవలసింది మనమే.

అంత సక్రమంగా చేస్తే 0.41 ఎందుకు వస్తుందని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. నేను అమెరికాలో ఒక రాష్ట్రంలో ఆరు సీజన్లు హెంప్ పొలాల్లో నమూనాలు తీశాను. కత్తెరతో పూగుత్తి కొనను కోసి, కాగితపు సంచిలో వేసి, సీలు వేసి ల్యాబుకు పంపడం నా పని. ప్లాస్టిక్ సంచి వాడకూడదు, బూజు పట్టి లెక్క తారుమారవుతుంది. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, ఈ మొక్క కదిలే గురి. పూత ముదిరేకొద్దీ టీహెచ్‌సీ పెరుగుతుంది. మంగళవారం 0.27 ఉన్న పొలం మరుసటి వారానికి 0.35 కావచ్చు. పైకొనలో ఒక లెక్క, కింది కొమ్మల్లో ఒక లెక్క. ఔషధ నూనెల కోసం, సీబీడీ అనే మత్తునివ్వని పదార్థం ఎక్కువగా ఉండే రకాలు వేస్తే చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ మొక్కలో సీబీడీ, టీహెచ్‌సీ కలిసే పెరుగుతాయి, సుమారు ఇరవై, ఇరవై అయిదు పాళ్లకు ఒక పాలు చొప్పున. కొనేవాడు సీబీడీ ఎక్కువ కావాలంటాడు, ప్రభుత్వం టీహెచ్‌సీ తక్కువ కావాలంటుంది, రైతు ఆ రెండింటి మధ్య రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. నార రకాల్లో ఈ బాధ చాలా తక్కువ. ఈ తేడాను కూడా నిబంధనలు గుర్తించాలి. నార కోసం పూతకు ముందే కోసే పొలాన్నీ, పూల కోసం పెంచే పొలాన్నీ ఒకే పరీక్షకు నిలబెట్టడం సమంజసం కాదు.

అసలు ఈ 0.3 ఎక్కడి నుంచి వచ్చింది? ఇది చాలామందికి తెలియదు, తెలిసినవారు చేతులెత్తండి. ఎవరూ లేరు. 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు ఈ జాతిని ఎలా వర్గీకరించాలో చెబుతూ ఒక వ్యాసం రాశారు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కనుక 0.3 దగ్గర గీశారు. అది వర్గీకరణకు తమకు తాముగా ఎంచుకున్న గీత అని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నారు. ఆ గీత అక్కడి నుంచి దేశదేశాల చట్టాల్లోకి నడిచివచ్చింది. 0.3 దాటితే మత్తు, లోపల ఉంటే మత్తు లేదు అని ఎవరూ నిరూపించి పెట్టిన అంకె కాదు అది.

ఇప్పుడు అమెరికాలో ఏమి జరిగిందో చెబుతాను, ఎందుకంటే రైతులు మాట్లాడితే నిబంధన ఎలా మారుతుందో, ఎక్కడ మారదో అక్కడ స్పష్టంగా కనిపించింది. 2018 డిసెంబరు 20న కొత్త వ్యవసాయ చట్టం వచ్చి, 0.3 శాతం లోపు ఉన్న హెంప్‌ను మాదకద్రవ్యాల జాబితా నుంచి తొలగించింది. ఒక్కొక్క రాష్ట్రం తన నిబంధనల ప్రణాళిక రాసుకుని కేంద్ర వ్యవసాయ శాఖ ఆమోదం పొందాలి. ఆ ప్రణాళికలకు కొలబద్దగా కేంద్ర వ్యవసాయ శాఖ 2019 అక్టోబరు 31న మధ్యంతర నిబంధనలు ప్రకటించి, అభిప్రాయాలు పంపమంది. గడువు డిసెంబరు చివరి వరకు పెట్టి, తరువాత 2020 జనవరి 29 వరకు పొడిగించింది. మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంకొక నెల తెరిచింది. రైతులు, ల్యాబులవారు, ప్రాసెసింగ్ యూనిట్లవారు, రాష్ట్రాల వ్యవసాయ శాఖలు వేల సంఖ్యలో రాశారు.

ఆ మధ్యంతర నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. నమూనా తీసిన 15 రోజుల్లోగా కోత ముగించాలి. చదవడానికి ఎంత చిన్న వాక్యం! ఆ చలికాలంలో నేను ఉన్న రాష్ట్రంలో రైతుల అభిప్రాయాలు వినడానికి ఒక సమావేశం పెట్టారు, నేను వెనుక వరుసలో కూర్చున్నాను. అంతవరకు చాలామంది లేచి హెంప్ ఎంత గొప్ప పంటో, ప్రభుత్వం ఎంత మొండిదో మాట్లాడారు. రాసుకునే అధికారి కలం చాలాసేపటి నుంచి కదలడం లేదు. అప్పుడు పొగాకు రైతు ఒకాయన, డెబ్బై ఏళ్లు ఉంటాయి, లేచి జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. పోయిన సీజనులో ఏ తేదీన నమూనా తీశారో, ఎన్నో రోజున ఫలితం వచ్చిందో, మధ్యలో ఏ రోజుల్లో వాన పడిందో, కూలీలు ఎంతమంది దొరికారో, రోజుకు ఎన్ని వరుసలు కోశారో చదివాడు. ఫలితం పదకొండో రోజున వచ్చింది, అయిదు రోజులు వాన. ‘మీ పదిహేను రోజుల్లో నాకు మిగిలినవి ఎన్నో మీరే లెక్కకట్టండి’ అన్నాడు, కూర్చున్నాడు. అధికారి ఆ తేదీలన్నీ రెండోసారి అడిగి మరీ రాసుకున్నాడు.

2021 జనవరి 19న తుది నిబంధనలు వచ్చాయి. 15 రోజులు 30 రోజులయ్యాయి. ఆ ఒక్క రైతు మాట వల్ల అయిందని నేను చెప్పను. అలాంటి నోటుపుస్తకాలు దేశమంతటా తెరుచుకున్నాయి కనుక అయింది.

ఇంకా ఏమేమి మారాయి? మధ్యంతర నిబంధనల్లో 0.5 శాతం దాటితే రైతు నిర్లక్ష్యం చేసినట్టే లెక్క. తుది నిబంధనల్లో అది 1 శాతమైంది. అంటే 0.3 నుంచి 1 వరకు పంట పోవచ్చు కానీ, రైతు లెక్కలో తప్పు పడదు. ఒక సీజనులో ఎన్ని పొలాలు గీత దాటినా ఒక్క ఉల్లంఘన కిందే లెక్కిస్తారు. అయిదేళ్లలో మూడు ఉల్లంఘనలు జరిగితే అయిదేళ్లు సాగు చేయరాదు. నిర్లక్ష్యానికి క్రిమినల్ కేసు లేదని చట్టంలోనే ఉంది, దిద్దుబాటు ప్రణాళిక రాసిచ్చి నడుచుకోవాలి. ఇందాక నేను మెట్టు అన్నానే, ఇదే ఆ మెట్టు. వారు దానిని అంకెలతో కట్టారు.

గీత దాటిన పంటను ఏమి చేయాలి? మొదట్లో దానిని మాదకద్రవ్యంలాగా ప్రత్యేక సంస్థలకు, పోలీసులకు అప్పగించి ధ్వంసం చేయించాలన్నారు. రైతులు ఆ ఖర్చు లెక్కలు పంపారు. తరువాత పొలంలోనే దున్నేయవచ్చు, కంపోస్టు చేయవచ్చు, పాతిపెట్టవచ్చు, కాల్చవచ్చు అన్నారు. తుది నిబంధనల్లో ఇంకొక అడుగు ముందుకు వేసి, పూలు మాత్రం తీసి నాశనం చేసి కాడను, గింజను దక్కించుకోవచ్చు, లేదా మొక్క మొత్తాన్ని ముక్కలుగా కలిపి మళ్లీ పరీక్షకు పంపవచ్చు అన్నారు. ఈ మార్పు రాకముందు నేను నమూనా తీసిన ఆరెకరాల పొలం ఒకటి గీత దాటి, మొత్తం నుగ్గు చేసి నేలలో కలిపేశారు. ఆ కుటుంబం గట్టు మీద నిలబడి చూసింది. ఆ కాడ అంతా నారకు పనికివచ్చేదే. దానిలో మత్తు ఏమీ లేదు. ఆ రోజు నేను చేసింది నిబంధన ప్రకారమే, అయినా ఆ నమూనా సంచి మీద సంతకం చేసిన చేయి నాది అన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే నేను ఊరూరా తిరిగి ఈ మాటలు చెబుతున్నాను.

ల్యాబు కొలతలో ఉండే తేడాకు కూడా వారు చోటు ఇచ్చారు. ఫలితం 0.35 అని వచ్చి, ల్యాబు తన కొలతలో 0.06 అటూ ఇటూ తేడా ఉండవచ్చని చెబితే, అసలు విలువ 0.29కీ 0.41కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ పరిధిలో 0.3 ఉంది కనుక పంట దక్కుతుంది. మన ముసాయిదాలో ఈ ఒక్క వాక్యం లేకపోతే, తూకపు రాయి తేడాకు రైతు శిక్ష అనుభవించినట్టవుతుంది.

మరి మారనిది ఏమిటి? 0.3 మారలేదు. దానిని 1 శాతం చేయమని ఎంతోమంది రాశారు. అది చట్టసభ రాసిన అంకె, మార్చే అధికారం మాకు లేదు అని వ్యవసాయ శాఖ జవాబిచ్చింది. ఇక్కడ మనం గ్రహించవలసింది ఉంది. చట్టంలో ఉన్నదానిని నిబంధనలు రాసే అధికారిని అడిగితే మన ఉత్తరం వృథా అవుతుంది. చట్టం మార్చాలంటే శాసనసభ్యుడి దగ్గరకు వెళ్లాలి, నిబంధన మార్చాలంటే శాఖ దగ్గరకు వెళ్లాలి, ఫారంలో గడి మార్చాలంటే జిల్లా కార్యాలయం దగ్గరకు వెళ్లాలి. ఏది ఏ తలుపు వెనుక ఉందో ముందు తెలుసుకుని, ఆ తలుపే తట్టాలి. చట్టసభ తలచుకుంటే ఎంత త్వరగా మారుతుందో కూడా చూశాం. 2025 నవంబరులో అమెరికా కాంగ్రెస్ ఒక వ్యయ బిల్లులోనే హెంప్ నిర్వచనాన్ని మార్చేసింది. అమ్మకానికి సిద్ధమైన ఉత్పత్తిలో ఒక ప్యాకెట్టుకు 0.4 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండరాదంది, ఏడాది గడువు ఇచ్చింది. దానికి ముసాయిదా లేదు, అభిప్రాయ సేకరణ లేదు. మత్తు కలిగించే మిఠాయిలు, పానీయాలు హెంప్ పేరుతో అంగళ్లలో పెరిగిపోవడం దానికి కారణం. ఆ ఉత్పత్తులు నాకూ సమ్మతం కావు, పిల్లల చేతికి అందే చోట వాటిని ఉంచడం తప్పే. కానీ ఆ అంగడివాళ్లు చేసిన దానికి పొలంలో రైతు కూడా చిక్కుకున్నాడు.

ప్రాసెసింగ్ చేసేవారు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీ సమస్య వేరు. పూల నుంచి సారం తీసేటప్పుడు, నడిమి దశలో టీహెచ్‌సీ కూడా చిక్కబడి కొంతసేపు 0.3 దాటుతుంది, తరువాత పలుచన చేస్తారు. ఆ కొంతసేపు ఆ పాత్రలో ఉన్నది ఏమిటి, హెంపా, మాదకద్రవ్యమా? 2020 ఆగస్టులో అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ అది మాదకద్రవ్యమే అంది, యూనిట్లవారికి నిద్ర పట్టలేదు. మన 14వ సెక్షను పారిశ్రామిక అవసరాల విషయంలో నార, గింజ అనే రెండు మాటలే అంటుంది కనుక, పూల సారం అసలు దాని కిందకు వస్తుందా అన్నది మీరు న్యాయవాదులతో కూర్చుని తేల్చుకోవాలి. నార, బెండు వేరుచేసే యూనిట్లకు ఈ చిక్కు లేదు. వాటికి కావలసింది వేరు: కోసిన పంట లారీలో వెళుతుంటే దారిలో పోలీసు ఆపితే చూపించడానికి ఏ కాగితం చెల్లుతుంది? ఆ కాగితం పేరు, దాని మీద సంతకం ఎవరిది, ఎన్ని రోజులు చెల్లుతుంది, ఇవన్నీ నిబంధనల్లోనే ఉండాలి. ‘తగిన పత్రాలు’ అని రాసి వదిలేస్తే చెక్‌పోస్టు దగ్గర ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతారు.

మన గడ్డ మీద ఈ మొక్క గురించి ప్రజలను అడగడం కొత్త కాదు. 1893 జులైలో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి, భంగు, చరస్‌ల మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. దానికి మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. మద్రాసు ప్రెసిడెన్సీతో సహా అన్ని ప్రాంతాల నుంచి 1,193 మంది సాక్ష్యం తీసుకున్నారు, ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని లేదని, పూర్తి నిషేధం తగదని చెప్పారు. ఆ శ్రమ గొప్పది. కానీ ఆ సాక్షుల్లో అధికారులదీ వైద్యులదీ పెద్ద వాటా. విత్తిన చేతులవారు చెప్పింది చాలా కొద్ది. నూట ముప్పై ఏళ్ల తరువాత కూడా మనం అదే పద్ధతిలో వెళదామా?

2014లో కేంద్ర ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది. చట్టమైనా, నిబంధనలైనా ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని అందులో ఉంది. అది కేంద్ర శాఖలకు చెప్పిన మాట. రాష్ట్రం కూడా హెంప్ విషయంలో అలాగే చేయాలని అడిగే హక్కు మనకు ఉంది. ముప్పై రోజులు చాలవని నా అభిప్రాయం. అరవై అడగండి.

అభిప్రాయం ఎలా రాయాలి? ‘రైతులను ఆదుకోవాలి’ అని రాయకండి. అది నిజమే, కానీ దానితో అధికారి ఏమీ చేయలేడు. ఫలానా నిబంధనలో ఫలానా వాక్యం బదులు ఈ వాక్యం పెట్టండి అని మీరే రాసి పంపండి. ఎందుకో మీ పొలం లెక్కతో చెప్పండి. ఒక ఉత్తరంలో ఒకటి రెండు విషయాలకు మించవద్దు. ఒకే ఉత్తరాన్ని వందమంది సంతకాలు చేసి పంపడం కన్నా, పదిమంది తమ తమ తేదీలతో, ఖర్చులతో పది ఉత్తరాలు రాయడం మేలు. లాభాల గురించి పెద్ద మాటలు చెప్పేవారి ఉత్తరాలను నమ్మి ముసాయిదాను సమర్థించకండి. అమెరికాలో 2021లో సుమారు 54 వేల ఎకరాల్లో వేసిన పంట, కొనేవాడు లేక మరుసటి ఏడాదికి 28 వేలకు పడిపోయింది. కొనుగోలు ఒప్పందం చూపకుండా సాగు లైసెన్సు ఇవ్వరాదని నేనైతే అడుగుతాను. కొందరు రైతులకు ఇది నచ్చకపోవచ్చు, అయినా అడుగుతాను.

విత్తనం గురించి ఒక్క మాట. ఇది పగటి పొడవును బట్టి పూసే మొక్క. ఫ్రాన్సులోనో, ఉక్రెయిన్‌లోనో తయారైన నార రకాన్ని మన పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల అక్షాంశంలో వేస్తే, పగలు పొట్టిగా ఉంది కదా అని త్వరగా పూతకు వచ్చి నడుము ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. నార ఎక్కడి నుంచి వస్తుంది? కనుక మన నేలలో రెండు మూడు సీజన్లు పరీక్షించి, టీహెచ్‌సీ నిలకడగా ఉందని విశ్వవిద్యాలయం తేల్చిన విత్తనమే ఇవ్వాలి. ఆ ధ్రువీకరించిన విత్తనం వేసినా గీత దాటితే, నష్టం రైతు ఒక్కడి మీద పడరాదు. విత్తనం ఇచ్చినవారు కూడా భరించాలి. ఈ వాక్యం ముసాయిదాలో ఉండి తీరాలి. పుప్పొడి సంగతి కూడా ఉంది. ఈ మొక్క పుప్పొడి గాలిలో కిలోమీటర్ల దూరం పోతుంది. పక్క లోయలో దొంగచాటుగా శీలావతి గంజాయి పెరుగుతుంటే, మన హెంప్ గింజ మరుసటి తరానికి మారిపోతుంది. తప్పు తనది కాకపోయినా మరుసటి ఏడు పరీక్షలో పట్టుబడేది రైతే.

శీలావతి పేరు ఎత్తాను కనుక ఏజెన్సీ గురించి చెప్పి ముగిస్తాను. 2021, 22లలో మన మన్యంలో పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కాల్చారు. ఆ వ్యాపారంలో డబ్బు చేసుకున్నవారు మైదానంలోనూ, పొరుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, జైళ్లలో మగ్గుతున్నవారిలో మోతకూలీలైన గిరిజన యువకులు ఎందరో ఉన్నారు. రేపు ఇదే మొక్కకు లైసెన్సులు ఇస్తే, కంచె, కెమెరాలు, లక్షల డిపాజిట్టు అడిగితే, అవి కట్టగలిగేది ఎవరు? కొండ మీద రైతు కట్టలేడు. కేసుల్లో ఇరుక్కున్న ఊళ్లవారికి లైసెన్సు ఇవ్వం అని ఒక వాక్యం రాస్తే, చేసిన తప్పుకు పడిన శిక్ష అయిపోయాక కూడా ఆ ఊళ్లకు ఈ తలుపు మూసినట్టే. అమెరికాలో మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడినవారికి పదేళ్ల నిషేధం పెట్టారు. మన దగ్గర ఎంతకాలం, ఏ నేరానికి, ఎవరికి అన్నది ఆ ఊళ్లను అడగకుండా రాయరాదు.

అడగడం అంటే ఇంగ్లీషు గెజిట్‌లో అచ్చువేసి, నెలరోజులు ఆగి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకోవడం కాదు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకాలను నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు ఇవ్వాలంది. ఆ గ్రామసభల ముందు ఈ ముసాయిదా పెట్టండి. తెలుగులో పెట్టండి, కువిలో, ఆదివాసీ ఒరియాలో చదివి వినిపించండి. అరకు, పాడేరు, చింతపల్లి వైపు వారపు సంత జరిగే రోజున, ఆ సంతలోనే, వ్యవసాయ శాఖవారు, ఎక్సైజ్‌వారు పక్కపక్కన కూర్చుని వినాలి. పోలీసు దుస్తుల్లో ఉన్నవారు ఆ పూట అక్కడ ఉండరాదు, ఉంటే ఎవరూ నోరు విప్పరు. చెప్పినవారి పేరు రాయకుండా, చెప్పిన మాట మాత్రం రాసుకునే వీలు ఉండాలి. తుది నిబంధనలు వచ్చినప్పుడు, ఏ సంతలో ఏ మాట చెప్పారో, దానిని ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తీసుకోలేదో ఒక కాగితం మీద జవాబు రాసి తిరిగి ఆ సంతకే తీసుకువెళ్లాలి. కెంటకీ రాష్ట్రంలో ఏ శాఖ నిబంధనలు రాసినా, వచ్చిన ప్రతి అభిప్రాయానికీ అలా జవాబు రాసి ఇవ్వాలని చట్టమే ఉంది. మన ముసాయిదా వచ్చిన రోజున నేను పంపబోయే మొదటి ఉత్తరం దాని గురించే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఆ కుడివైపు అమ్మ చాలాసేపటి నుంచి చేయి ఎత్తి ఉన్నారు, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.